పురుగు ఉన్నచోటికే కెమెరా

(ఇంట్లో, ఇంటి చుట్టూ కనిపించే చిన్న పురుగుల్ని దగ్గర్నుంచి ఫొటో తీయడం గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి వీలుగా రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఒక ప్రశ్న అడిగి మొదలుపెడతాను. స్నానాల గది గోడ మీద బూడిదరంగులో, హృదయం బొమ్మ ఆకారంలో, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈగ ఒకటి వాలి ఉంటుంది. చూశారా? చాలామంది తలూపుతున్నారు. చెయ్యి ఆడిస్తే కాస్త ఎగిరి మళ్ళీ ఆ పక్కనే వాలుతుంది. కాసిని నీళ్ళు కొట్టి మన పని మనం చూసుకుంటాం. మరి దాని మొహం ఎలా ఉంటుందో ఎవరైనా చెప్తారా? మీసాలు ఎలా ఉంటాయి? ఎవరూ చెప్పడం లేదు. నేను చెప్తాను. దాని ఒంటినిండా బొచ్చే, రెక్కల మీద కూడా బొచ్చే. మీసాలు పూసలు గుచ్చినట్టు ఉంటాయి, ప్రతి పూస చుట్టూ చిన్న గిన్నెలాగా వెంట్రుకల కుచ్చు ఉంటుంది. మనకి ఎక్కువగా కనిపించే రకానికైతే రెక్కల అంచున తెల్లటి చుక్కలు కూడా ఉంటాయి. తూములో పేరుకునే జిగురు పొరలో దీని పిల్లలు పెరుగుతాయి. అందుకే అది ఎప్పుడూ స్నానాల గదిలోనే కనిపిస్తుంది.

ఈ ఈగ సంగతి ముందు ఎందుకు ఎత్తానంటే, మాక్రో ఫొటోలు, అంటే చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే ఫొటోలు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే అనుకూలమైన పురుగు లేదు. సరిగ్గా ఎగరలేదు. పగలంతా కదలకుండా ఒకేచోట కూర్చుంటుంది. గోడకి తెల్ల టైల్స్ ఉంటే ఇంకా మంచిది, అవి వెలుతుర్ని తిరగ్గొట్టి పురుగు కిందున్న నీడని తేలిక చేస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఫ్రేమంతా తెల్లగా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేట్టు, పెంచండి, టైల్ తెల్లగా వస్తుంది, ఈగ బొచ్చు కూడా విడివిడిగా కనిపిస్తుంది.

ఈరోజు నేను చాలా విషయాలు మాట్లాడతాను గానీ, చెప్పదలుచుకున్నది ఒక్కటే. పురుగు ఫొటో సగం సామాను వల్ల వస్తుంది. మిగతా సగం, ఆ పురుగు తర్వాతి నిమిషంలో ఏం చెయ్యబోతోందో మీకు ముందే తెలియడం వల్ల వస్తుంది. అది తెలియాలంటే దాన్ని సీసాలో వేసుకుని బల్ల మీదకి తెచ్చుకుంటే లాభం లేదు. అది ఎక్కడుంటే అక్కడికి మనమే వెళ్ళాలి. అక్కడే కూర్చోవాలి.

సామాను సంగతి తొందరగా ముగిస్తాను. అందరూ మొదట అడిగేది దాని గురించే కాబట్టి దాటెయ్యలేను. వన్ టు వన్ అనే మాట మీరు వినే ఉంటారు. సెన్సర్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక. మూడు మిల్లీమీటర్ల చీమ సెన్సర్ మీద కూడా మూడు మిల్లీమీటర్లే పడితే దాన్ని వన్ టు వన్ అంటాం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే మామూలు మాక్రో లెన్స్‌తో వీలైనంత దగ్గరికి వెళ్ళినా ఆ చీమ ఫ్రేములో పన్నెండో వంతే ఉంటుంది. సీతాకోకచిలుకకీ తూనీగకీ ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇంట్లో తిరిగే చీమకీ, కుండీ మొక్క చిగుళ్ళ రసం పీల్చే చిన్న పురుగు పేనుబంకకీ మాత్రం రెండు మూడు రెట్లు కావాలి.

ఆ రెండు మూడు రెట్ల కోసం కొత్త లెన్స్ కొనక్కర్లేదు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులున్నాయి. వాటిలో అద్దం ఏమీ ఉండదు, ఖాళీ గొట్టాలే. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కి 50 మిల్లీమీటర్ల ట్యూబులు పెడితే వన్ టు వన్ వచ్చేస్తుంది. రివర్స్ రింగ్ ఉంది, దాంతో లెన్స్‌ని తిరగేసి బిగిస్తాం. కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్స్‌ని తిరగేసి 18 దగ్గర పెడితే దాదాపు మూడు రెట్లు వస్తుంది. కాకపోతే ఎపర్చర్, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే కంత సైజు, మీ చేతిలో ఉండదు. ఎపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ దొరికితే ఆ ఇబ్బంది ఉండదు. టెలిఫొటో లెన్స్ ఉన్నవాళ్ళు ముందు తగిలించుకునే క్లోజప్ లెన్స్ వాడొచ్చు. రేనాక్స్ డీసీఆర్-250 అని ఒకటి ఉంది, 8 డయాప్టర్ల పవర్ ఉన్నది. 200 మిల్లీమీటర్ల లెన్స్ ముందు పెడితే ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళ సంగతేంటి? మీకూ చోటుంది. ఇప్పుడు చాలా ఫోన్లు అల్ట్రావైడ్ కెమెరాతో రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేస్తాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది. క్లిప్‌తో పెట్టే చిన్న మాక్రో లెన్స్‌ని మెయిన్ కెమెరాకి తగిలించండి, బొమ్మ ఇంకా నాణ్యంగా వస్తుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేట్టు చూసుకోండి. ఫోన్ పట్టుకున్న చెయ్యి గోడకో కుండీ అంచుకో ఆనించండి. పురుగు కదులుతుంటే వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేమ్ తీసుకున్నా తప్పులేదు. సామాను గురించి ఇంతే. ఇంకా ప్రశ్నలుంటే తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వస్తున్నాను. ఫోకస్. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫోకస్‌లో ఉండే పొర పల్చబడిపోతుంది. ఎపర్చర్‌ని ఎఫ్ అంకెతో చెప్తాం, అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది, ఆ పొర కాస్త మందమవుతుంది. ఎంత పల్చగా అనుకుంటున్నారు? వన్ టు వన్‌లో ఎఫ్ 8 దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు. మూడు రెట్లకి వెళ్తే అదే ఎఫ్ 8 దగ్గర మిల్లీమీటరులో ఐదో వంతు. రెండు కాగితాల మందం అనుకోండి. చీమ తల కూడా మొత్తం ఆ పొరలో పట్టదు.

సరే, ఎఫ్ 22 పెట్టేస్తే పోలేదా? పోదండి. అందరికీ వచ్చే ఆలోచనే ఇది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. దగ్గరికి వెళ్ళేకొద్దీ కెమెరా మీద కనిపించే అంకె ఒకటి, అసలు పనిచేసే ఎపర్చర్ ఇంకొకటి. రెట్లకి ఒకటి కలిపి ఆ అంకెతో గుణించండి. మూడు రెట్ల దగ్గర ఎఫ్ 8 అంటే నాలుగెనిమిదులు ముప్పై రెండు, అంటే అది ఎఫ్ 32 లాగా పనిచేస్తుంది. అంత చిన్న కంతలోంచి వచ్చే కాంతి వంగి, చెదిరిపోయి బొమ్మ మొత్తాన్ని మెత్తబరుస్తుంది. ఫోకస్‌లో ఉన్న చోటు కూడా పదునుగా ఉండదు. అందుకని వన్ టు వన్‌కి ఎఫ్ 8 నుంచి 11, మూడు రెట్లకి ఎఫ్ 5.6 దగ్గర ఆగడం మంచిది.

పొర పల్చగానే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెడతామన్నదే మన చేతిలో ఉంది. కంటి మీద పెట్టండి. కన్ను పదునుగా ఉంటే కాళ్ళు మసకగా ఉన్నా చూసేవాళ్ళకి ఇబ్బందిగా అనిపించదు. రెక్కలు పరుచుకుని గోడ మీద వాలిన రెక్కల పురుగునైతే, అంటే మాత్‌నైతే, సెన్సర్ గోడకి సమాంతరంగా ఉండేట్టు పట్టుకోండి. అప్పుడు పల్చటి పొరలోనే పురుగు మొత్తం వచ్చేస్తుంది. ఆటోఫోకస్ ఆపెయ్యండి. ఎన్ని రెట్లు కావాలో లెన్స్ మీద ముందే పెట్టేసుకుని, మీరే ముందుకీ వెనక్కీ మెల్లిగా ఊగుతూ, కంటి మీద ఫోకస్ తగిలిన క్షణంలో నొక్కండి. కొమ్మ మీద పురుగైతే ఇంకో కిటుకు ఉంది. ఎడమచేత్తో ఆ కొమ్మని కిందుగా పట్టుకుని, లెన్స్‌ని అదే చేతి మీద ఆనించండి. గాలికి కొమ్మ ఊగితే లెన్స్ కూడా దాంతోపాటే ఊగుతుంది. ట్రైపాడ్‌తో సర్దుకునే లోపల పురుగు వెళ్ళిపోతుంది, ఈ పద్ధతిలో ఫొటో దొరుకుతుంది.

ఇక వెలుతురు. ఇన్ని రెట్లకి వెళ్ళాక గది వెలుతురు చాలదు, ఫ్లాష్ కావాలి. ఫ్లాష్ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. తక్కువ పవర్‌లో దాని వెలుగు సెకనులో 10,000వ వంతు దాకా కుదించుకుపోతుంది. మీ చెయ్యి వణికినా, చీమ నడుస్తున్నా బొమ్మ చెదరదు. అయితే ఉత్త ఫ్లాష్ కొడితే ఏమవుతుంది? అక్షింతల పురుగుని, అంటే లేడీబర్డ్‌ని తీశారనుకోండి, దాని పెంకు మీద తెల్లటి చుక్క ఒకటి మాడిపోయినట్టు కనిపిస్తుంది, మిగతాదంతా నల్లటి నీడ. పురుగుల ఒంటి మీద పెంకు నిగనిగలాడుతుంది కాబట్టి ఎదురుగా ఉన్న దీపం బొమ్మ అందులో పడుతుంది. అందుకే డిఫ్యూజర్, అంటే వెలుగుని పరిచి మెత్తబరిచే తెర, కావాలి. ట్రేసింగ్ పేపరైనా సరే, ప్యాకింగ్‌లో వచ్చే తెల్లటి పల్చటి ఫోమ్ షీటైనా సరే. దాన్ని లెన్స్ మీదుగా పురుగు పైకి వంగేట్టు కట్టుకోండి. డిఫ్యూజర్ ఎంత పెద్దది, పురుగుకి ఎంత దగ్గరగా ఉంది, ఈ రెండే చూసుకోవాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఫొటోలో ఆ పెంకు మీది మెరుపుని పెద్దది చేసి చూడండి. గట్టి అంచులతో చిన్న చుక్కలా ఉంటే డిఫ్యూజర్ ఇంకా దగ్గరికి రావాలి. అంచులు మెల్లగా కరిగిపోతూ వెడల్పుగా ఉంటే అక్కడ ఆపండి.

వెనకంతా నల్లగా వస్తోందని కొందరు అంటారు. ఫ్లాష్ వెలుగు దగ్గరున్న పురుగు మీద పడినంతగా దూరంగా ఉన్న గోడ మీద పడదు, అందుకే అలా వస్తుంది. వెనక కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఒక ఆకు వచ్చేట్టు మీరే కోణం మార్చుకోండి. నల్ల చీమ నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయిందంటే మీసాలు, కాళ్ళు అన్నీ మాయమవుతాయి. నాకైతే పురుగు కింద ఉన్నది ఆకా, గోడా, తడిమట్టా అన్నది కనిపించాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. దగ్గరికి వెళ్ళడం. ఈగని తీసుకోండి. అది మనకంటే కొన్ని రెట్లు వేగంగా కదలికల్ని పట్టుకుంటుంది. మన విసురు దానికి చాలా నెమ్మదిగా వస్తున్న వస్తువు. అంతేకాదు, ముప్పు ఎటు నుంచి వస్తోందో చూసి, ఎగరడానికి ముందే దానికి ఎదురు దిక్కుకి తోసుకునేట్టు కాళ్ళు సర్దుకుంటుంది. మరి దాన్ని ఎలా తీస్తాం? అది ఒళ్ళు శుభ్రం చేసుకునేటప్పుడు. ముందు కాళ్ళు రెండూ రుద్దుకోవడం మీరంతా చూసే ఉంటారు. ఎందుకు రుద్దుకుంటుంది? దాని కాళ్ళ కొసల్లో రుచి తెలిసే వెంట్రుకలున్నాయి, వాటికి దుమ్ము పడితే పనిచెయ్యవు. ముందు కళ్ళూ మీసాలూ తుడుచుకుంటుంది, తర్వాత పొట్టా రెక్కలూ. ఒకసారి మొదలుపెట్టిందంటే కాసేపు అక్కడే ఉంటుంది. ఆ కాసేపట్లో కొంచెం కొంచెంగా దగ్గరికి జరగండి. నీడ దాని మీద పడనివ్వకండి. కాళ్ళు తల వెనక్కి వెళ్ళి, తల ఒక పక్కకి వాలే క్షణం ఒకటి వస్తుంది. దానికోసం ఆగండి. గోడ మీద ఊరికే కూర్చున్న ఈగ ఫొటోకీ ఆ ఫొటోకీ ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు.

ఊపిరి. ఇది రాసుకోండి, చాలామందికి తెలియదు. చీమల బారు దగ్గర మొహం పెట్టి ఊపిరి వదిలితే బారు మొత్తం చెదిరిపోతుంది. కొన్ని జాతుల పేనుబంకైతే వేడి ఊపిరి తగలగానే కొమ్మ మీద నుంచి రాలిపోతుంది. మేసే జంతువు నోరు దగ్గరికొచ్చిందని దానికి లెక్క. అందుకని మొహం పక్కకి తిప్పి ఊపిరి వదలండి, తర్వాత కెమెరాలోంచి చూడండి.

చీమల వెంట పరిగెత్తకండి. పరిగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. బారులో ఒక చోటు ఎంచుకుని, అక్కడ ఫోకస్ పెట్టుకుని కూర్చోండి. ఎదురెదురుగా వచ్చిన రెండు చీమలు ఆగి మీసాలు తాకించుకుంటాయి. ఆ అరక్షణం మీది. ఇంకా సులువు కావాలంటే ఒక చుక్క పంచదార నీళ్ళు పెట్టండి, చుట్టూ చేరి కదలకుండా తాగుతాయి. తల నల్లగా, పొట్ట లేతగా, ఒకటిన్నర మిల్లీమీటర్ల చీమలు కొన్ని ఇళ్ళలో తిరుగుతుంటాయి. వాటి పొట్ట ఎంత పల్చగా ఉంటుందంటే, తాగినకొద్దీ అది ఉబ్బి లోపలి ద్రవం బయటికి కనిపిస్తుంది.

సాలీళ్ళు పురుగులు కావని మీలో కొందరు అంటారు. నిజమే, వాటికి ఎనిమిది కాళ్ళు, కీటకాల లెక్కలోకి రావు. అయినా గోడ మీద గెంతే చిన్న సాలీడుని వదిలిపెట్టి ఈ ప్రసంగం చెయ్యలేను. గూడు అల్లి కూర్చోకుండా, గోడల మీద తిరుగుతూ దూకి వేటాడే రకం. దగ్గరికి వెళ్తే పారిపోకుండా మనవైపు తిరిగి చూస్తుంది. ముందున్న రెండు పెద్ద కళ్ళని గమనించండి. కంటి మీది అద్దం కదలదు, లోపలున్న రెటీనా గొట్టాలు కదులుతాయి. అవి మీవైపు తిరిగినప్పుడు కన్ను నల్లగా కనిపిస్తుంది, పక్కకి తిరిగితే అదే కన్ను లేత గోధుమరంగులోకి మారుతుంది. అంటే అది మిమ్మల్ని చూస్తోందో లేదో ఫొటోలోనే తెలిసిపోతుంది. కెమెరాని దాని మొహం ఎత్తుకి దించండి. పైనుంచి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు. ఒక్కోసారి లెన్స్ మీదకే దూకుతుంది, కంగారుపడకండి, మెల్లగా దింపేస్తే చాలు.

కళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి ముందుకు వెళ్తాను. ముందు కాళ్ళు ముడిచి కూర్చునే గొల్లభామ కంట్లో ఒక నల్లటి చుక్క ఉంటుంది. మీరు ఎటు జరిగితే అటే జరుగుతుంది. అది కనుపాప కాదు. ఆ కన్ను వేల చిన్న చిన్న కళ్ళ కూడిక. వాటిలో సరిగ్గా మీవైపు గురిపెట్టి ఉన్నవి వెలుతుర్ని లోపలికి మింగేస్తాయి కాబట్టి నల్లగా కనిపిస్తాయి. రాత్రిపూట తీసి చూడండి, కన్ను మొత్తం నల్లబడి ఉంటుంది.

ఇప్పుడు పేనుబంక. కుండీలో లేత చిగురు ఉన్న మొక్క ఒకటి ఉంటే చాలు, మీకు నెలల తరబడి పని దొరుకుతుంది. అందరూ మందు కొట్టడానికే దాని దగ్గరికి వెళ్తారు. ఒక్కసారి రెండు రెట్ల లెన్స్‌తో వెళ్ళి కూర్చోండి. అక్కడున్నవన్నీ దాదాపు ఆడవే. జత కట్టకుండానే పిల్లల్ని పెడతాయి, అదీ గుడ్లు కాదు, నేరుగా పిల్లలు. పిల్ల తోక వైపు నుంచి బయటికి వస్తుంది, కాళ్ళు ఒంటికి అంటుకుని ఉంటాయి, తర్వాత ఒక్కొక్కటే విడదీసి కొమ్మని తాకుతుంది. ఇంకో వింత చెప్పనా? పుట్టబోయే ఆ పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లల పిండాలు పెరుగుతుంటాయి. అందుకే నాలుగు రోజుల్లో కొమ్మ మొత్తం కమ్మేస్తాయి.

వెనక భాగంలో పైకి లేచిన రెండు చిన్న గొట్టాలు కనిపిస్తాయి. ప్రమాదం వస్తే వాటి కొసన చిన్న బొట్టు ఊరుతుంది, ఆ వాసనకి చుట్టుపక్కలవి జాగ్రత్తపడతాయి. ఆ బొట్టు ఫొటోలో దొరికిందంటే పక్కన ఏదో శత్రువు ఉన్నట్టే. కెమెరా కొంచెం జరపండి. అక్షింతల పురుగు పిల్ల ఉండొచ్చు. అది పెద్దదానిలా గుండ్రంగా ఉండదు, పొడుగ్గా, గరుకుగా, ఆరు కాళ్ళతో పాకుతూ ఒక్కొక్క పేనుబంకనీ నమిలేస్తుంటుంది. దాన్ని చూసి కూడా చీడ అనుకుని చంపేస్తారు, నాకు చాలా బాధ కలుగుతుంది. లేకపోతే చీమ రావచ్చు, మీసాలతో పేనుబంక వీపు మీద తట్టి, అది వదిలే తియ్యటి బొట్టుని తాగడానికి. లేకపోతే ఉబ్బిపోయి గోధుమరంగుకి తిరిగి కదలకుండా ఉన్న పేనుబంక కనిపిస్తుంది. అది చచ్చిపోయింది. రెండు మిల్లీమీటర్ల కందిరీగ లాంటి పురుగు దానిలో గుడ్డు పెట్టింది, లోపల దాని పిల్ల పెరుగుతోంది. కొన్నాళ్ళకి ఆ పెంకులో గుండ్రంగా కోసిన కంత కనిపిస్తుంది. ఆ పెంకు దగ్గర ఓపిగ్గా కాపు కాస్తే కంతలోంచి తల బయటపెట్టే కందిరీగ దొరుకుతుంది. ఒక్క కొమ్మ మీద ఇంత జరుగుతోంది. దీన్ని తెంపి బల్ల మీద పెట్టుకుంటే ఇందులో ఏది మిగులుతుంది?

ఇంట్లోనే ఇంకొకటి. గోడ మీద, తలుపు వెనక, గింజ ఆకారంలో ఒక సెంటీమీటరు పొడవున్న బూడిదరంగు సంచి అంటుకుని ఉంటుంది. దుమ్మనుకుని ఊడ్చేస్తారు. ఒక పది నిమిషాలు చూడండి. ఒక చివర నుంచి చిన్న తల బయటికి వస్తుంది, ముందు కాళ్ళతో గోడని పట్టుకుని సంచిని లాక్కుంటూ నడుస్తుంది. అది ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. తన పట్టుదారంతో ఇసుక రేణువులు, దుమ్ము, నూలు పోగులు అతికించి ఆ సంచి కట్టుకుంటుంది. రెండు చివర్లా తెరిచే ఉంటుంది, లోపలే తిరిగి రెండో వైపు నుంచి కూడా తల పెట్టగలదు. పాత సాలెగూళ్ళు, ఉన్ని, వెంట్రుకలు దాని తిండి. వెలుతుర్ని గోడకి దాదాపు తాకుతూ పక్క నుంచి పడేట్టు పెట్టండి. సంచి మీద అతికిన రేణువులు ఒక్కొక్కటీ విడిగా తేలతాయి. మీ ఇంట్లో ఏ రంగు దుమ్ముందో సంచి మీద చూడొచ్చు.

దోమల్ని చెప్పకుండా వదిలేస్తే మీరు ఊరుకోరు. మీసాలు కుచ్చుల్లాగా ఉంటే అది మగది, కుట్టదు. కుట్టేది ఆడదే, దాని మీసాలు పల్చగా ఉంటాయి. నీళ్ళ పైన దాని పిల్లలు ఎలా ఉన్నాయో చూస్తే ఏ జాతో కొంత తెలిసిపోతుంది. అనాఫిలిస్ పిల్లలు నీటి మట్టానికి సమాంతరంగా పడుకుంటాయి. క్యూలెక్స్ పిల్లలు గాలిగొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడతాయి. గాజు గ్లాసులో పక్క నుంచి తియ్యండి, ఫొటో అయ్యాక ఆ నీళ్ళు పొడి నేల మీద పారబొయ్యండి. ఒక్కటీ మిగలకూడదు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు. జిగురు పెట్టి అంటించేవాళ్ళున్నారు. చంపి, బతికున్నట్టు నిలబెట్టి తీసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. 1665 నాటికే ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద చీమని పెట్టి బొమ్మ గీయబోతే ఇదే సమస్య వచ్చింది. మైనంతో అంటిస్తే ఒళ్ళు మెలిపెట్టుకుంటోంది, చంపితే అసలు ఆకారమే పోతోంది. చివరికి దాన్ని బ్రాందీలో ముంచితే గంటకి పైగా పడి ఉండి, ఉన్నట్టుండి లేచి పారిపోయిందని ఆయనే రాశాడు. ఆయన గమనించింది ఇప్పటికీ అంతే నిజం. చచ్చిన పురుగు కాళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. తూనీగ కళ్ళ రంగు వెలిసిపోతుంది. చూడ్డం అలవాటైన కంటికి అది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

అదే శతాబ్దంలో మరియా సిబిల్లా మెరియన్ అనే ఆమె ఏం చేసిందో చూడండి. 1647లో పుట్టింది. పదమూడేళ్ళప్పుడే పట్టుపురుగుల్ని పెంచడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి పుట్టుకొస్తాయని చాలామంది నమ్మే రోజులవి. ఆమె గొంగళిని ఇంట్లో పెంచి, అది ఏ మొక్క తింటుందో ఆ మొక్క మీదే గుడ్డు, గొంగళి, గూడు, రెక్కల పురుగు అన్నీ ఒకే బొమ్మలో గీసింది. 1699లో, యాభై దాటిన వయసులో, చిన్న కూతుర్ని తీసుకుని ఆ పని కోసమే సముద్రం దాటి దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్ళింది. ఆమె బొమ్మల్లో మొక్క తీసేస్తే సగం విషయం పోతుంది. మనం తీసే ఫొటోలకి కూడా ఆమెనే గురువుగా పెట్టుకోమంటాను.

మరి కదిలే పురుగుని ఎలా? పొద్దున్నే వెళ్ళండి. పురుగుల ఒళ్ళు బయటి చలిని బట్టి చల్లబడుతుంది, ఎండ తగిలి వేడెక్కేదాకా అవి సరిగ్గా కదల్లేవు. కొమ్మకి కరుచుకుని నిద్రపోయే చిన్న తేనెటీగలు, మంచు బిందువులు నిండిన తూనీగలు అప్పుడే దొరుకుతాయి. ఫోకస్ స్టాకింగ్‌కి కూడా అదే సమయం. అంటే ఫోకస్‌ని కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా తీసిన ఫొటోల్ని హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలపడం. బావుంటుంది, నేర్చుకోండి. కానీ మొదటి రోజు నుంచే దాని వెంట పడితే పురుగుని చూడ్డం మానేసి అంచుల్ని చూసుకుంటూ కూర్చుంటారని నా అభిప్రాయం.

ఫొటో తీశాక ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి. తేదీ, వేళ, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మొహం ఒకటి తియ్యండి. జాతి గుర్తుపట్టడానికి ఒక్క కోణం చాలదు. ఐనాచురలిస్ట్ అనే వేదిక 2008లో మొదలైంది, అందులో పెడితే ఆ పురుగుల మీదే పనిచేసేవాళ్ళు చూసి పేరు చెప్తారు. అందంగా లేకపోయినా పర్వాలేదు, రెక్కల్లో నరాలు కనిపిస్తే వాళ్ళకి అదే చాలు.

సరే, ఇప్పుడు బయట కుండీల దగ్గరికి వెళ్దాం. వరసలో మూడో మొక్కకి కుడివైపు చిగురు మీద పేనుబంక ఉంది, అక్షింతల పురుగు పిల్ల కూడా ఒకటి తిరుగుతోంది. అందరూ ఒకేసారి మీదకి వంగకండి, ఇద్దరిద్దరుగా రండి. ఎండ మీ వెనక నుంచి పడితే నీడ కొమ్మ మీద పడుతుంది, కాబట్టి పక్క నుంచి రండి. ఊపిరి సంగతి గుర్తుంది కదా. ఫోన్ వాళ్ళు ముందు వెళ్ళండి, ఫ్లాష్‌లున్నవాళ్ళు తర్వాత.